సింథసైజర్ కొనని అన్న

ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే సీనియర్‌ని అన్నా అనేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. చిలకలగూడలో ఆయన గదినిండా పాత ప్రింటౌట్లు. వాటి వెనక పెన్సిల్‌తో గీసిన డబ్బాలు, వాటిని కలిపే వైర్లు. అది ఆయన కలలుగన్న మాడ్యులర్ సింథసైజర్, కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం.

"ఒక్కో డబ్బా తెచ్చి కలుపుకుంటే మన సౌండ్ మనమే పుట్టిస్తం. రెడీమేడ్ సింథ్ అయితే తెచ్చిన రోజే వాయించొచ్చు. ఏది తీసుకోమంటవ్?" అని మూడేళ్లు నన్ను అడుగుతూనే ఉన్నాడు.

ఇద్దరికీ తెలిసిన స్టూడియో ఆయన ఒకరోజు, సీరియల్‌కి నేపథ్య సంగీతం చేసే మనిషి కావాలన్నాడు. సొంత వాద్యంతో నెలలోపు చేరాలి. అన్న ఆశగా మళ్లీ నన్నే అడిగాడు. మాడ్యులర్ భాగాలు విదేశం నుంచి రావడానికే నెలలు పడతాయని నాకు తెలుసు. అయినా, "మాడ్యులరే తీసుకో అన్నా, నీ మనసు దాని మీదనే ఉంది గదా" అన్నాను. నాకూ కొంచెం కీబోర్డు వచ్చు. వారం తిరక్కుండానే రెడీమేడ్ సింథ్ కొని ఆ పనిలో చేరాను.

సంగతి తెలిసి అన్న మల్కాజ్‌గిరిలో మా ఇంటికొచ్చాడు. తిడతాడనుకున్నాను. నేను వాయించిన ముక్క విని, సింథ్ మీది రెండు నాబ్‌లు నెమ్మదిగా తిప్పాడు. రేకులా మోగుతున్న స్వరం మెత్తబడింది.

"గిట్ల పెట్టుకో, జెర బాగుంటది" అని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు స్టూడియో ఆయన విని, "మస్తుంది. సౌండ్ నువ్వే చేసినవా?" అని అడిగాడు.

అవునన్నాను.