షామా పాడని రోజులు

మొన్న పొద్దున మా అమ్మాయి కోసం ఓట్స్ డబ్బా మూత తీశాను. పక్కనే అప్పుడే కోసిన క్యారెట్ ముక్కలున్నాయి. ఆ రెండు వాసనలూ కలిసి తగిలేసరికి చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. "అమ్మా, యూ ఓకే ఆర్ నాట్?" అంది అది. అప్పలరాజు అంకుల్ అని ఒకాయన ఉండేవారని దానికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పను? ఆ వాసన ఆయన పెంచిన పురుగుల డబ్బాది.

కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాళ్లూ సింగపూర్ విమానం ఎక్కుతున్న రోజులవి. నేనూ ఎక్కాను. ఆఫీసు చాంగీ బిజినెస్ పార్క్‌లో. అద్దె గది మాత్రం ద్వీపానికి ఇంకో చివర, బుకిట్ బటోక్‌లో. తెలుగువాళ్ల ఇల్లని అంత దూరానికీ ఒప్పుకున్నాను. అంకుల్‌వాళ్లది తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేసిన కుటుంబం. ఆయన షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన మొదటి సాయంత్రం పెరుగు పెట్టుకుందామని ఫ్రిజ్ తెరిస్తే కింది అరలో ఒక డబ్బా కనిపించింది. ఓట్స్ అనుకుని మూత తీశాను. ఓట్స్ కదులుతున్నాయి.

నేను వెనక్కి గెంతిన తీరు చూసి అంకుల్ తాపీగా నవ్వారు. "బయపడకమ్మా, అవి నిన్ను మకాన్ సెయ్యవు. మా పిట్టకి కొన్న పురుగులు. బయట ఉంచితే పెంకు పురుగులైపోతాయి. సల్లగా ఉంటే ఇలాగే పడుంటాయి." మకాన్ అంటే మలయ్‌లో తినడమట. నిప్పులు కడిగే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ వారమంతా పెరుగు జోలికి పోలేదు.

హాల్లో కిటికీ దగ్గర వెదురు పంజరంలో షామా అనే పాటపిట్ట ఉండేది. నల్లటి ఒళ్లు, ఇటుకరంగు పొట్ట, పొడుగాటి తోక. దానికి పురుగుల్ని నేరుగా ఫ్రిజ్‌లోంచి తీసి వేసేవారు కాదు అంకుల్. ముందు రోజే కొన్నింటిని వేరే డబ్బాలోకి మార్చి, కొత్త ఓట్స్ పోసి, తొక్క తీసిన క్యారెట్ ముక్కలు పెట్టేవారు. తెల్లారితే పిట్ట నోట్లో పడేవాటికి ఈ మర్యాదలేమిటని ఒకసారి ఆటపట్టించాను. "పురుగు ఏటి తింటే పిట్టకి అదే ఒంటబడతాదమ్మా," అన్నారు. డబ్బా మూత పెడుతూ, "అయినా ఎవుల కోసమో సచ్చేది కదా. దాన్ని పస్తెలా ఉంచుతాం?" అన్నారు.

ఆయన అంత శ్రద్ధ పడడం వెనక ఆయన భార్య మంగ ఆంటీ ఉన్నారు. పక్షవాతం వచ్చి ఆమె మాట పోయింది. లోపలి గదిలో మంచం మీద కళ్లు తెరుచుకునే ఉన్నా, ఎటు చూస్తున్నారో తెలిసేది కాదు. మనం పిలిచినా, పిల్లల ఫోను చెవి దగ్గర పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. షామా పాడితే మాత్రం తల మెల్లగా గుమ్మం వైపు తిరిగేది. అందుకే రోజూ పొద్దున్నే అంకుల్ పిట్టకు పురుగులు పెట్టి, గది తలుపు బార్లా తెరిచి, ఆమె పక్కన కుర్చీ వేసుకునేవారు. పాట మొదలయ్యేది. ఆమె తల తిరిగేది. ఆ కాస్త కదలికే వాళ్లిద్దరి మాటామంతీ.

నేను చేరిన మరుసటి ఏడు ఆంటీకి మింగడం కూడా కష్టమైంది. ఇక ఎక్కువ రోజులు లేవని ఇంటికొచ్చే నర్సు చెప్పింది. సరిగ్గా అప్పుడే పిట్ట ఈకలు రాల్చడం మొదలుపెట్టింది. ఏటా ఉండేదేనట, కొత్త ఈకలు వచ్చేదాకా పాడదు. ఆంటీ పోయేలోపు అది ఒక్కసారైనా పాడాలని అంకుల్ ఆరాటం. పురుగులు ఎక్కువ పెట్టారు. తనూ పిట్టల్ని పెంచే కింది అంతస్తు చైనీస్ మిత్రుడు వచ్చి చూసి, "టూ మచ్ హీటీ లా, అప్పలా. లెట్ హిమ్ రెస్ట్," అని మందలించాడు. వేడి చేస్తుందనే మాట మనకూ తెలిసిందే కాబట్టి అంకుల్ భయపడి తగ్గించారు. మర్నాడు మనసొప్పక మళ్లీ పెంచారు. పంజరం ముందు నిలబడి ఆయన పిట్టను బతిమాలుతుంటే నాకు ఏడుపొచ్చేది.

నాకు తోచిన సాయం నేను చేశాను. పిట్టలకు పాట నేర్పడానికి అమ్మే క్యాసెట్ ఒకటి తెచ్చి, గుమ్మం దగ్గర పెట్టి వేశాను. అచ్చం షామా గొంతే. ఆంటీ తల కదల్లేదు. శబ్దం పెంచాను. అయినా కదల్లేదు. అంకుల్ వచ్చి టేపు ఆపేశారు. "మంచిదే తెచ్చావమ్మా. గాని ఇది మనోడి పాట కాదని దానికి తెలిసిపోయింది," అన్నారు. అంత దుఃఖంలోనూ ఆ మాటలో భార్య గురించి కాస్త గర్వం వినిపించింది.

పిట్ట గొంతు విప్పకముందే ఆంటీ వెళ్లిపోయారు. బిషాన్ నుంచి వచ్చిన అంకుల్ వదినగారు, మైల ఇంట్లో ప్రాణం తీయకూడదు, పెద్దకర్మ అయ్యేదాకా పిట్టకు పురుగులు పెట్టొద్దన్నారు. అంకుల్ సరేనన్నారు. పిట్టకు పొడి మేత పోశారు. తర్వాత ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసి, క్యారెట్ కోయడం మొదలుపెట్టారు.

"వద్దన్నాను కదయ్యా," అన్నారామె.

"సంపట్లేదొదినా. వాటికి కూడెడతన్నాను," అన్నారాయన.

పెద్దకర్మ అయి బంధువులంతా వెళ్లాక, ఒక పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే షామా పాడింది. మొదట గొంతు సవరించుకున్నట్టు రెండు ముక్కలు, తర్వాత పూర్తిగా. వంటింట్లోంచి అంకుల్ గబగబా వచ్చి, గది తలుపు బార్లా తెరిచి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అప్పుడు కనిపించింది ఆయనకు, దుప్పటి తీసేసిన పరుపు. లేవలేదు. తలగడ ఉండే చోటు వైపే చూస్తూ ఉండిపోయారు. నేను బ్యాగు కింద పెట్టి వెళ్లి పక్కనే నేల మీద కూర్చున్నాను. పాట అయ్యేదాకా ఇద్దరం కదల్లేదు.

ఇప్పుడు అంకుల్ కూడా లేరు. మా ఆఫీసులో ఒకావిడ, భర్త పోయాక కూడా మధ్యాహ్నం అన్నం వేళకు ఆయనకు ఫోన్ చేయబోయి, సగం నంబరు నొక్కి ఆగిపోతుంది. అందరూ చూడనట్టు తల తిప్పుకుంటారు. నేను మాత్రం లేచి వెళ్లి, ఆవిడ ఫోను కింద పెట్టేదాకా పక్కన కూర్చుంటాను.