నేను చింపిన ఖాళీ కాగితాలు

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో జరిగిన సంగతి ఇది. నేను చదివింది అయిదో తరగతి. ఆ రోజుల్లో ఏటా పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు చింపి, దారంతో కొత్త పుస్తకం కుట్టుకునేదాన్ని. డిగ్రీ చదువుతున్న మనవరాలు సహస్ర, ఫిలాసఫీ క్లాసుకి నోటుబుక్కు కొనాలంది. ఉన్నవి ఉండగా కొనడమెందుకని, దాని బల్ల మీది పుస్తకంలో ఖాళీ కాగితాలన్నీ చింపి, కుట్టి చేతికిచ్చాను.

చూసి పిల్ల గొల్లుమంది.

"అమ్మమ్మా! ఇది నా ఫిజిక్స్ ల్యాబ్ బుక్! పేజీ నంబర్స్ ఉన్నాయి కదా! ఒక్కటి చింపినా రీడింగ్స్ హైడ్ చేశానంటారు. నన్ను ఫెయిల్ చేస్తారు!"

"ఏమీ రాయని కాగితంలో దాచేదేముందే?"

"నువ్వే వచ్చి మా ప్రొఫెసర్‌కి చెప్పు!"

మర్నాడు నిజంగానే వెళ్లాను. ఆయన గది బయట కుర్చీ ఉన్నా కూర్చోలేకపోయాను. పిల్ల చదువు నా చేతులతో పాడుచేశానేమోనని ఒకటే దడ. అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

లోపల, ఎలా చింపానో ఎలా కుట్టానో చేతులతో చూపించాను. సహస్ర ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నేను కుట్టిన కాగితాల మీది ఒక్కో నంబరూ సరిచూశారు. అన్నీ ఉన్నాయి. ల్యాబ్ పుస్తకంలో ఏదో రాసి, పెన్ను నాకిచ్చారు.

"నువ్వే చింపావని రాశారు. సైన్ చెయ్యి అమ్మమ్మా. నాకేం ప్రాబ్లెం ఉండదట."

తెలుగులో సంతకం పెట్టాను. ఇంట్లో అందరి తప్పులూ ఎంచే నేను, నా తప్పు కింద సంతకం పెట్టింది అదొక్కసారే. ఆ తరవాతే కుర్చీలో కూర్చోగలిగాను.