వెనక్కి పంపనివ్వని టీచరమ్మ

మా లెక్కల టీచరమ్మ పోయారని పొద్దున్నే ఫోను వచ్చింది. హోసూరులో బస్సెక్కి వేప్పనపల్లి దగ్గర వాళ్ల ఊరు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. మా పాత హెడ్మాస్టరు కూడా అక్కడికి వస్తాడేమోనన్న ఆలోచనే దారంతా నన్ను తినేసింది.

అనంతపురం పక్క నుంచి మేము హోసూరు వచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్లు. అమ్మా నాన్నా గులాబీ తోటలో పనికి కుదిరారు. నన్ను తొమ్మిదిలో చేర్చారు. తమిళం ఒక్క ముక్క రాదు. నాలాగే ఒడిశా నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. హెడ్మాస్టరు మమ్మల్ని చూపించి "కొత్త సరుకు" అని నవ్వేవాడు. క్లాసంతా నవ్వేది. మేము నోరు విప్పడం మానేశాం.

టీచరమ్మ మొదటిరోజే పాఠం ఆపి నా పక్కన కూర్చున్నారు. "యాడ నుంచి వచ్చినావమ్మా? అన్నం తిన్నావా?" అన్నారు. ఆ బడిలో నా భాష విన్నది అప్పుడే. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మా ఇద్దరితోనే తినేవారు. ఒడిశా పిల్ల దగ్గర ఒడియా అంకెలు నేర్చుకుని తప్పులు పలికేవారు. మేము పడిపడి నవ్వితే, "నగండి. మీ నోరు తెరుచుకుంటే చాలు నాకు" అనేవారు.

పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే ముందు హెడ్మాస్టరు మా నాన్నను పిలిపించాడు. "మీ పాప ఫెయిలవుతుంది. బడికి చెడ్డపేరు. టీసీ తీసుకో అప్పా" అన్నాడు. ఒడిశా పిల్ల తండ్రి ముందురోజే సంతకం పెట్టేశాడు, దేని మీద పెట్టాడో తెలియకుండానే. నాన్న కూడా పెన్ను పట్టుకున్నాడు. టీచరమ్మ వచ్చి ఆ కాగితం లాక్కున్నారు.

"ఈ పాప పేరు పోకపోతే నేనే పైఆఫీసుకు పోతాను సార్. నా ఉద్యోగం ఉన్నా సరే, పోయినా సరే."

నా పేరు వెళ్లింది. ఒడిశా పిల్ల మాత్రం మళ్లీ రాలేదు. మూడు ఆదివారాలు టీచరమ్మా నేనూ తోటతోటకూ తిరిగి వెతికాం. దొరకలేదు.

అప్పటినుంచి ప్రతి ఉదయం హాజరు సంతకం పెట్టేటప్పుడు టీచరమ్మ హెడ్మాస్టరు మొహంలోకి చూసి, "ఈ దినమూ ఆ పాప రాలేదు సార్" అనేవారు. ఆయన రిటైరయ్యేదాకా ఒక్కరోజూ మానలేదు. నాతో ఒకసారి అన్నారు: "మన్నించమని అందరూ చెప్తారమ్మా. నేను చెప్పను. మన్నించాల్సింది ఆ పాప, నేను కాదు."

నేను అనుకున్నట్టే ఆ చావింటికి హెడ్మాస్టరు వచ్చాడు. పెద్ద చామంతి దండ తెచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లతో, "బయట రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లల్ని మేమిద్దరమే కాపాడినాము" అంటున్నాడు.

నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. "ఆ ఒడిశా పాప యాడుంది సార్?"

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ?"

"ఈడ అడక్కపోతే ఇంకెప్పుడు అడగాల? వాళ్ల నాయనతో సంతకం పెట్టించింది మీరు. ఆ దండ ఈమె మీద వెయ్యద్దు."

ఎవరైనా నన్ను ఆపుతారనుకున్నాను. టీచరమ్మ చెల్లెలు లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

అతను వెనక్కి తిరిగాడు. వాకిట్లో కుప్పగా పడివున్న చెప్పుల్లో తనవి ఏవో పోల్చుకోలేకపోయాడు. వంగుదామంటే రెండు చేతుల్లోనూ దండ. దాన్ని అందుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. ముసలి కాలితో ఒక్కో చెప్పునూ జరుపుతూ, ఎండలో చాలాసేపు వెతుక్కున్నాడు. నేను కదలకుండా చూస్తూనే ఉన్నాను.