నల్లా నీళ్లు వద్దన్న ఈదమ్మ

సరసర... సర్ర్... సరసర.

తెలకపల్లి దాటి ఎర్రచెలకల్లోకి దిగే బాటలో ముందు నాకు ఆ చప్పుడే వినిపించింది. వాన ఎక్కడో ఆకుల మీద నడుస్తున్నట్టుంది. ఆకాశంలో మబ్బు లేదు. రేకుల పందిరి దగ్గరికి వెళ్లాక తెలిసింది. ఇద్దరు ఆడవాళ్లు గోనెపట్టా కొసలు పట్టుకొని పల్లి విత్తనాన్ని అటూ ఇటూ దొర్లిస్తున్నారు. బెల్లం నీళ్ల తడికి ఒక తెల్లపొడి గింజగింజకూ అంటుకుంటోంది.

"ఎండ తగలనియ్యకే, చస్తయి," అంటోంది పెద్దామె. ఆమే ఈదమ్మ. చస్తాయన్నది ఆ పొడిలో నిద్రపోతున్న సూక్ష్మజీవులను. మొలకతో పాటే అవి మేల్కొంటాయి. వేరు చుట్టూ కాపు కాసి, మొదలు కుళ్లు తెచ్చే బూజును ఆపుతాయి, వేరుకు బలమిస్తాయి.

ఆ రెండెకరాలు ఆమెవి కావు. పదేళ్లుగా కౌలుకు చేస్తోంది. ప్రతి యాసంగీ విత్తనానికి బూజును చంపే ఎర్రమందు కలిపేది. చేతుల తోలు ఊడేది. అన్నం ముద్దలోనూ ఆ వాసనే. నిరుడు మందు మానేసి ఈ పొడి కలిపింది. నెల తిరగకముందే మొక్కలు మొదట్లో నల్లబడి ఒరిగిపోయాయి. సగం చేను పోయింది.

"పురుగులకు బెల్లం తాపి చేను మేపిచ్చింది మా అక్క!" రెండో కొస పట్టుకున్న తోడికోడలు యాదమ్మ నవ్వింది.

"నవ్వు, నవ్వు. కొస గట్టిగ పట్టు."

తప్పెక్కడో ఈదమ్మే వెతుక్కుంది. నిరుడు బెల్లం కరిగించింది ఇంటి నల్లా నీళ్లలో. ఆ పొద్దున్నే ట్యాంకులో బ్లీచింగ్ వేశారు. బిందెలో వాసన కొట్టింది కూడా.

"రోగాల పురుగును చంపెటందుకే గదా గది ఏస్తరు? నా పురుగును మంచిదని ఎట్ల ఇడుస్తది? నేనే చంపుకున్న."

ఈసారి బాయి నీళ్లు తెచ్చింది.

అంతలో బండి ఆగింది. భూమి యజమాని శేఖర్, చేతిలో ఎర్రమందు ప్యాకెట్.

"ఈదమ్మా, గిది గూడ కలుపు. రెండూ ఉంటయి. నా భూమిల మల్ల తమాష చేస్తే పంట కాంగనె కౌలు ఇంకొకరికిస్త."

"గది కలిపితె ఇవి బతుకయి, పటేలా. కాపలాకు పెట్టి కాళ్లు ఇరగ్గొడ్తమా?"

"గింత మొండితనమేంది?"

"మందు కలిపినా నీ బాయికాడి చేను పోలేదా నిరుడు? మరి దాన్ని గూడ ఇంకొకరికిచ్చినవా?"

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శేఖర్ ప్యాకెట్ రాతి మీద విసిరి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మందు లేకుండానే విత్తారు.

నలభయ్యో రోజున మళ్లీ వెళ్లాను. శేఖర్ సాళ్లలో తిరుగుతూ తనకు నచ్చిన చోటల్లా మొక్కలు పెరికి చూస్తున్నాడు. ఒరిగిన మొక్కలు లేకపోలేదు. నీళ్లు నిలిచే పల్లంలో కొన్ని పోయాయి. మిగతా చేనంతా పచ్చగా ఊపిరి పీలుస్తోంది. అతని చేతిలోని వేరు మట్టిని వదలకుండా పట్టుకొని వచ్చింది. మట్టి దులిపి, మొదట్లో నలుపుందేమోనని గోటితో గీకి చూశాడు.

"సరె, ఈ పంట తీస్కో. వచ్చేయేడు ఒక ఎకరంల నీ పురుగు, ఒక ఎకరంల నా మందు. గట్లయితెనే కౌలు."

అతను వెళ్లాక, ఒప్పుకుంటారా అని అడిగాను. ఈదమ్మ కలుపు తీయడం ఆపలేదు.

"సగం చేన్ల చంపుకుంట, సగం చేన్ల సాదుకుంట ఉండాల్నా సారూ? భూమి ఆయనది, గుంజుకుంటె గుంజుకోనీ. నా చేతులతోని మాత్రం మల్ల మందు కలప. పో, బాట మీద కలిస్తె ఆయనకు గూడ చెప్పు."