వంటింట్లో సున్నం గీతలు

…అని చెప్తూ చెప్తూ ఆగిపోయాను. చెయ్యి ఇంకా గోడ వైపే చాపి ఉంది. ఎదురుగా ముప్పై మంది కాలేజీ పిల్లలు, ఫోన్లు పైకెత్తుకుని. ఆరేళ్ళుగా రోజుకి నాలుగైదుసార్లు చెప్పే మాటలే. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలను. ముందు వరసలో కళ్ళజోడు పిల్ల ఒకతె నా మాటలు వినడం మానేసి గోడకేసీ నాకేసీ మార్చి మార్చి చూస్తోంది.

"అక్కా, హాల్లో ఫొటోలో పెద్దాయన గుమ్మమంత ఎత్తున్నారు గదా. మరి గీతలేటి ఇంత కిందకున్నాయి?" అంది.

"కూర్చుని గీసేవారమ్మా," అనేశాను.

చూశారా, ఎంత తొందరగా వచ్చేసిందో! నా నోరెప్పుడూ అంతే, నన్ను అడక్కుండానే జవాబిచ్చేస్తుంది. ఆ పిల్ల తలూపింది కానీ నమ్మలేదు. నేను మిగతా కథ చెప్పలేకపోయాను. గొంతు పట్టేసిందని చెప్పి వాళ్ళని పంపించేశాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్తున్నాను. ఐదేళ్ళుగా నా దగ్గర ఒక బరువుంది. నెత్తి మీద నిండు బిందె పెట్టుకుని, ఒలక్కుండా, అందరితో నవ్వుతూ కబుర్లాడుతూ నడిచినట్టు నడిచాను. చూసేవాళ్ళకి నా నవ్వే కనబడుతుంది. మెడ నొప్పి నాకొక్కదానికే తెలుసు.

నేను పనిచేసేది ఒకప్పటి ఎమ్మెల్యే గారింట్లో. విశాఖలో కాలేజీలన్నీ ఉన్న వైపు, పెంకుటిల్లు. మేమందరం ఆయన్ని పెద్దాయన అంటాం. ఊళ్ళ నుంచి చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళకి మధ్యాహ్నం ఆ ఇంట్లో అన్నం పెట్టేవారు. ఆయన ఓడిపోయాక కుటుంబం హైదరాబాద్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత అందులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిచింది, తర్వాత ట్యూషన్ సెంటర్. వంటిల్లు మాత్రం ఎప్పుడూ తాళమే, విరిగిన బల్లలు పడేసేవారు. ఆఖరికి ఆయన పిల్లలు ఇంటిని ట్రస్టుకిచ్చేశారు. ఇప్పుడు ముందు గదులు లైబ్రరీ, మిగతాది చూడ్డానికి వచ్చేవాళ్ళకి.

నన్ను తుడవడానికి పెట్టుకున్నారు. పదో తరగతి పాసయ్యాను, ఇంటర్ మధ్యలో మానేశాను. మా ఆయన స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని, షిఫ్టులు. ఇల్లు చూపించే ఆవిడ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే సెక్రటరీ గారు నన్ను పిలిచి, "నువ్వు బాగా మాట్లాడతావు గదమ్మా, నువ్వే చెప్పు. కానీ నాను అనకు, నేను అను," అన్నారు. ఇంటి చరిత్ర రెండు కాగితాల మీద రాసిచ్చారు. రెండ్రోజుల్లో బట్టీ పట్టేశాను.

ఆ కాగితాల్లో గీతల గురించి లేదు.

పొయ్యి ఉండే మూల, మసి పట్టిన నల్లటి గోడ మీద తెల్లటి సున్నం గీతలు. నలభై ఒకటి. వారం తిరక్కుండానే ఒక లెక్చరర్ గారు, "ఇవేమిటమ్మా?" అని అడిగారు. తెలియదు అనొచ్చు గదా? రెండే మాటలు. కానీ అందరూ నా వైపే చూస్తున్నారు. నా బతుకులో అంతమంది నా నోటి వైపు చూడ్డం అదే మొదటిసారి. "పెద్దాయన స్వయంగా గీసినవండి. అన్నం తిన్న ఒక్కో విద్యార్థికీ ఒక్కో గీత," అన్నాను. ఆ లెక్చరర్ గారి కళ్ళు చెమర్చాయి. నిజంగా! నా మాటకి ఒక పెద్ద మనిషికి కళ్ళు తడయ్యాయి. ఆ రోజు బస్సులో సీటు దొరక్కపోయినా నాకు తెలియలేదు.

తర్వాత అది నా చేతుల్లో లేదు. ఫొటోలు ఫోన్ల నుంచి ఫోన్లకి వెళ్ళాయి. సెక్రటరీ గారు ఎవరు చెప్పారని అడిగితే, ముందు పనిచేసినావిడ చెప్పిందన్నాను. గోడకి అద్దం బిగించారు. కింద ఇత్తడి బోర్డు పెట్టారు. "పెద్దాయన స్వహస్తాలతో గీసిన గీతలు" అని. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిన రోజున బోర్డు మీద సన్నగా నల్ల బొగ్గు దుమ్ము పడుతుంది. రోజూ తుడిచేది నేనే. నా అబద్ధాన్ని నేనే మెరిసేలా తోమాను.

ఇదే అయితే ఇంత బాధ ఉండేది కాదు. అసలుది చెప్తాను.

రెండో ఏడు, పెద్దాయన జయంతి. ఇంటినిండా జనం. మధ్యాహ్నం వేళ ఒక ముసలావిడ వచ్చింది. నా భుజం దాకా కూడా లేదు, చేతిలో గుడ్డ సంచి. హాల్లో ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా వెనక వసారాలోంచి వంటింటికి వెళ్ళింది. అక్కడ గడప ఎత్తుగా ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళందరూ కాలు తగిలించుకుంటారు. ఆవిడ కిందకి చూడకుండానే కాలెత్తి వేసింది. నేను అది చూశాను. చూశాను కాబట్టే, తెలియక చేశానని మీకు చెప్పలేను.

ఆవిడ అద్దం ముందు నిలబడి నవ్వింది.

"ఓలమ్మా! నా గీతలకి అద్దమేసినారేటి!"

"మీయి కావు మామ్మా. పెద్దాయన గీసినవి."

"బాబుగోరా? బాబు వొంటింట్లోకి ఎప్పుడొచ్చినారే? పొయ్యి తూరుపునుందో పడమరనుందో కూడా ఆరికి తెల్దు. నాను అప్పలనర్సమ్మని, తగరపువలస. ఈ ఇంట్లో పన్నెండేళ్ళు వొండినాను. తాంబూలం డబ్బీలో సున్నం వేలికి రాసుకుని ఇలగ గీసీదాన్ని." అద్దం మీద చూపుడువేలు ఆనించింది. గీత సరిగ్గా ఆ వేలంతే ఉంది.

"అన్నం తిన్నోల్లకే గదా మామ్మా గీతలు?" అన్నాను. కనీసం అదైనా నిజమవ్వాలని.

"తినీసినోల్లకి గీతలెందుకే పిచ్చి గుంటా! ఆల్ల కడుపే సెప్తాది. అన్నం అయిపోనాక వొచ్చీవోరు కొందరు. బాబు ఇన్ని కుంచాలే వొండమన్నారు, నానేటి సేత్తాను? అలగ పస్తు ఎల్లిపోనోడికి ఒక గీత. మర్నాడు ఆడికి ముందల పెట్టాల గదా. తినీసినాక తడిగుడ్డెట్టి తుడిసీదాన్ని."

"మరి ఇవన్నీ?"

ఆవిడ నవ్వు ఆగింది. "ఇయి తుడవనియి. ఆల్లు మరి రానేదు."

అప్పుడే సెక్రటరీ గారు అతిథుల్ని వెంటబెట్టుకుని లోపలికి వచ్చారు. పట్టుచీరలు, కండువాలు, ఇద్దరు కెమెరావాళ్ళు. "ఏమంటోందమ్మా పెద్దావిడ?" అని అడిగారు.

నేను నేర్చుకున్న తెలుగులో, చక్కగా, నవ్వుతూ చెప్పాను. "ఏం లేదు సార్. వయసైపోయింది, పాపం. మతి సరిగ్గా ఉండదు. ఏవేవో చెప్తోంది."

అందరూ అయ్యో అన్నట్టు చూశారు. ఆవిడ అద్దం మీంచి వేలు తీసేసింది. నెమ్మదిగా, ఎవరి వస్తువో ముట్టుకున్నట్టు.

వసారాలో కూర్చోబెట్టి పులిహోర పొట్లం, నీళ్ళు ఇచ్చాను. ఎంత మర్యాదగా ఇచ్చానో! ఆవిడ నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకు మతి నేదేటి అమ్మీ?" అని అడిగింది. కోపం లేదు. నిజంగానే అడిగింది, తెలిసినవాళ్ళని దారి అడిగినట్టు.

అప్పటికైనా చెప్పొచ్చు. వసారాలో మేమిద్దరమే ఉన్నాం. వినేవాళ్ళు లేరు, పోయేది ఏమీ లేదు. "వయసు గదా మామ్మా, అలగే అనిపిస్తాది," అన్నాను.

కాసేపటికి వచ్చి చూస్తే బల్ల మీద పొట్లం అలాగే ఉంది. విప్పలేదు. ఆవిడ లేదు.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందని భయమేసిందని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. పోయేదేమో కూడా. కానీ నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు ఉద్యోగం గుర్తుకే రాలేదు. ఆ కెమెరాల ముందు, ఆ పట్టుచీరల ముందు, నేను మళ్ళీ తుడిచే మనిషిని అయిపోతానని అనిపించింది. అంతే. దానికోసం ఒక మనిషి బుర్రని ఆ మనిషి చేతుల్లోంచి లాక్కున్నాను. పెద్దాయన చెడ్డవాడని చెప్పడం లేదు. చాలామందికి అన్నం పెట్టారు, అదీ నిజమే. కానీ గోడ మీద ఉన్నది ఆ లెక్క కాదు. తినకుండా వెళ్ళి మళ్ళీ రాని నలభై ఒక్క మందిని చూపిస్తూ, వీళ్ళందరి కడుపూ నిండిందని రోజుకి నాలుగైదుసార్లు చెప్పాను. ఆవిడ వచ్చి వెళ్ళాక కూడా చెప్పాను. మొదట్లో తెలియక. తర్వాత తెలిసి.

రెండేళ్ళ కింద ఒక సెలవు రోజున తగరపువలస వెళ్ళాను. సంతలో అడిగితే అప్పలనర్సమ్మ కూతుర్ని చూపించారు, సేపలమ్ముకుంటోంది. అమ్మ పోయి నెలయ్యిందట. ఆ ఇంటి నుంచి వచ్చానని మాత్రం చెప్పాను.

"అక్కడికెల్లొచ్చినాక అమ్మ మరి ఆ గీతల మాటెత్తనేదమ్మా," అంది కూతురు, కత్తిపీట మీంచి తలెత్తకుండానే. "ముందైతే వొచ్చినోల్లందరికీ అదే కత. తరవాత ఎవులైనా అడిగితే, నాకు మతి నేదంట, నన్నడగొద్దు అనీది."

ఆ అన్నది నేనే అని చెప్పలేదు. సేపలు కొనుక్కుని బస్సెక్కాను. ఎక్కానే గానీ కూర్చోలేకపోయాను. ఖాళీ సీట్లున్నాయి. నేను దిగే మద్దిలపాలెం దాకా నిలబడే ఉన్నాను.

నాలుగు రోజుల కింద కళ్ళజోడు పిల్ల అడిగిన రోజున కూడా ఇంట్లో కుదురుగా ఉండలేకపోయాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతుంటే, "ఏటే, అలగ తిరిగేత్తన్నావు, కాలు కాలినాదేటి?" అని మా ఆయన నవ్వాడు. నవ్వలేకపోయాను. ఒక పరాయి పిల్ల రెండు నిమిషాలు చూసి కనిపెట్టింది. నాకు ఐదేళ్ళుగా తెలుసు.

మర్నాడు పొద్దున్న మా ఆయన స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని గంట ముందే వెళ్ళాను. దారిలో కిళ్ళీ కొట్లో సున్నం పొట్లం కూడా కొన్నాను. వంటింటి తలుపు తీసి, పొయ్యి ఉండే చోట గొంతుక్కూర్చున్నాను. ఆరేళ్ళలో ఒక్కసారీ అక్కడ కూర్చోలేదు. గీతలన్నీ సరిగ్గా కళ్ళెదురుగా ఉన్నాయి. అద్దం స్క్రూలు వదులు చేసి ఒక పక్కకి జరిపి, వేలికి సున్నం రాసుకున్నాను. పొట్లం విప్పకుండా వెళ్ళిపోయిన మనిషికి ఒక గీత గీద్దామని. గోడ దాకా తీసుకెళ్ళిన వేలు వెనక్కి తీసేసుకున్నాను. ఆ గోడ మీద నేను పెట్టింది చాలు. సున్నం కొంగుకి తుడిచేసుకుని, బోర్డు నాలుగు స్క్రూలూ విప్పి, తీసుకెళ్ళి సెక్రటరీ గారి బల్ల మీద పెట్టాను. ఆయన పదిన్నరకి గానీ రారు.

మొదట వచ్చింది ట్రైనింగ్ కాలేజీ అమ్మాయిలు ఐదుగురు. హాలు చూపించాను, ఫొటోలు చూపించాను, వంటింటి గడప దగ్గర కాలు చూసుకోమన్నాను. గీతల దగ్గర ఆగాను. అవి అప్పలనర్సమ్మ అనే ఆవిడ గీసిందని చెప్పాను. దేనికి గీసిందో చెప్పాను. ఏవి తుడిచిందో, ఏవి ఎందుకు తుడవలేదో చెప్పాను. ఎవరూ ఫోను ఎత్తలేదు.

"ఇవన్నీ మీకెవరు చెప్పారక్కా?" అంది ఒక అమ్మాయి.

"ఆవిడే సెప్పింది," అన్నాను. "ఇక్కడే నిలబడి సెప్పింది. అందరి ముందల ఆవిడికి మతి నేదన్నాను నాను. ఆవిడికి మతి బాగానే ఉండీదమ్మా. అబద్ధం నాది."