పలకని ట్వీటర్లు

పోర్టు పక్కనున్న మరమ్మతు యార్డులో ఓడల పొట్టకి పట్టిన తుప్పు రాల్చడం సుందర్ రాజ్ పని. గాలితో నడిచే సుత్తి పట్టుకుని పొద్దున్న మంచె ఎక్కితే మళ్లీ సాయంత్రమే దిగడం. పద్నాలుగేళ్లుగా అంతే. ఇంటికొచ్చి స్నానం చేశాక కూడా చెవుల్లో కాసేపు ఈల వేసినట్టు మోగేది. ఆ పని చేసేవాళ్లందరికీ అంతేలే అనుకునేవాడు.

అలాంటి మనిషికి పాటంటే ప్రాణం. ఎనభై మూడులో యార్డు సూపర్‌వైజరు ఇంట్లో ఫ్యాను బిగించడానికి వెళ్లి, మొదటిసారి స్టీరియో విన్నాడు. గదిలో ఆ మూల నుంచి వీణ, ఈ మూల నుంచి మృదంగం. ఫ్యాను సంగతి మర్చిపోయి నిచ్చెన మీదే నిలబడిపోయాడు.

"మనింట్లో కూడా అలాంటిది పెడతాను, సూడు," అన్నాడు ఇంటికొచ్చి, భార్య రత్నమణితో.

రత్నమణి నవ్వింది. కొట్లో కొనాలంటే అతని ఏడాది జీతం చాలదని ఇద్దరికీ తెలుసు.

కొనలేకపోతే కట్టుకోవాలి. మద్దిలపాలెంలో రేడియోలు బాగుచేసే అర్జునరావు అతనికి చిన్ననాటి స్నేహితుడు. ఏ తీగ ఎక్కడికి వెళ్లాలో కాయితం మీద గీసిచ్చాడు, ఎవరో వదిలేసి పోయిన టేప్‌రికార్డరు ఒకటి బాగుచేసి ఇచ్చాడు. ఒక నెల యాంప్లిఫయర్ బోర్డు, ఇంకో నెల ట్రాన్స్‌ఫార్మరు, క్రిస్మస్‌కి చొక్కా మానుకుని రెండు పెద్ద స్పీకర్లు. ఓడల్లో యంత్రాలు దిగే ప్యాకింగ్ పెట్టెల చెక్క అడిగి తెచ్చుకున్నాడు. ఆదివారాలు చర్చి నుంచి రాగానే వరండాలో కూర్చుని కోయడం, ఉప్పుకాగితంతో తోమడం. పెట్టెల లోపల పాత పరుపులో దూది పరిచాడు. ముందుభాగానికి రత్నమణి వాయిలు చీర చింపి బిగించాడు. అదొక్కటీ ఆవిడకి నచ్చలేదు.

ఏడాదిన్నర పట్టింది. చివరికి మిగిలినవి ట్వీటర్లు, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు. అవి కూడా తెచ్చి బిగించి, భక్తిపాటల క్యాసెట్ పెట్టాడు. డోలు గుండెల్లోకి దిగింది. తాళాలు మాత్రం లేవు. చెవి ఆనించి విన్నాడు. లేవు.

మర్నాడే వాటిని ఊడదీసి అర్జునరావు కొట్టుకి పట్టుకుపోయాడు.

"ఇవి పలకట్లేదు బావ."

అర్జునరావు తీగలు తగిలించి చూశాడు. "పలుకుతన్నాయి గదా."

"ఏటి పలుకుతన్నాయి? నాకినపడొద్దా?"

వాదన ఎందుకని అర్జునరావు వేరే జత ఇచ్చాడు. అవీ అంతే. మూడోసారి వెళ్లినప్పుడు సుందర్ రాజ్ నోరు జారాడు. "తుప్పు గోక్కునేవోడికి ఏటి తెలుస్తాదిలే అని పాడైనవే అంటగడతన్నావా?"

అర్జునరావు మొహం మాడిపోయింది. కొట్టు తలుపు దించి, "పద, మీ ఇంటికే వచ్చి సూత్తాను," అన్నాడు. ఇద్దరూ బస్సెక్కారు.

ఇంట్లో పెద్ద స్పీకర్ల తీగలు విప్పేసి, ట్వీటర్లు మాత్రం ఉంచి, అర్జునరావు క్యాసెట్ వేశాడు. గదంతా నిశ్శబ్దం. సూశావా అనబోతున్నాడు సుందర్ రాజ్. ఇంతలో వంటింట్లోంచి రత్నమణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏటిది, ఉత్త తాళాలే ఇనపడతన్నాయి? పాటేదీ?"

సుందర్ రాజ్ ఆవిడ మొహం చూశాడు. అర్జునరావు వైపు చూశాడు. అర్జునరావు నేల చూపులు చూస్తున్నాడు.

చర్చిలో పాటలకి తాళాలు వాయించే ఆరోగ్యమ్మ పెద్దదైపోయింది, చేతుల్లో సత్తువ తగ్గిపోయిందని రెండేళ్లుగా అనుకుంటున్నాడు. ఆవిడ మానకుండా వాయిస్తూనే ఉందన్నమాట.

సీతమ్మధారలో డాక్టరు రెండు చెవులూ పరీక్షించి, లోపలి నరం దెబ్బతిందని, మందు లేదని చెప్పాడు. ఉన్న వినికిడైనా నిలవాలంటే ఆ పని మానెయ్యమన్నాడు. సుందర్ రాజ్ వెళ్లి సూపర్‌వైజరుని వేరే పని అడిగాడు. వేరే పని లేదు, ఇష్టం లేకపోతే గేటు దగ్గర పదిమంది నిలబడి ఉన్నారన్నాడాయన. రత్నమణి వెళ్లి బతిమాలినా అదే మాట. సోమవారం మళ్లీ మంచె ఎక్కాడు. చెవుల్లో గుడ్డపీలికలు కుక్కుకునేవాడు. చెమటకి అవి మధ్యాహ్నానికే జారిపోయేవి.

అర్జునరావు దగ్గరికి వెళ్లి, "ఆ మాట నేననకూడదు బావ," అన్నాడు.

"వదిలెయ్ బావ," అన్నాడు అర్జునరావు. ఆ ఆదివారమే వచ్చి అన్నీ మళ్లీ బిగించాడు. ట్వీటర్ల శబ్దం ఎంత ఉండాలో రత్నమణి చెవులే చెప్పాయి. సుందర్ రాజ్ మీట తిప్పుతుంటే ఆవిడ "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు," అంది. ఆ చోట మేకుతో గీత పెట్టుకున్నాడు. వీధిలోవాళ్లు గుమ్మం దాకా వచ్చి విన్నారు. ఎంత బాగుందో వాళ్లు చెబుతుంటే తలాడించాడు.

ఇంకో నాలుగేళ్లు చేశాడు యార్డులో. క్రేన్ కింద పనిచేస్తూ హెచ్చరిక ఈల వినక రెండుసార్లు చావు తప్పించుకున్నాక, వాళ్లే పొమ్మన్నారు. అప్పటికి డోలు కూడా సరిగ్గా అందేది కాదు. సాయంత్రాలు పెట్టెల ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "ఇప్పుడేటి వత్తంది?" అని అడిగేవాడు. రత్నమణి ఎదురుగా వచ్చి, పెదాలు బాగా కదిలిస్తూ, "ఆడోళ్లు పాడతన్నారు," అనేది. ఒక్కోరోజు క్యాసెట్ అయిపోయి ఆగిపోయినా అతను అలాగే వింటూ కూర్చునేవాడు. ఆవిడ ఏమీ చెప్పేది కాదు. కాసేపుండి, వెళ్లి రెండోవైపు తిప్పి పెట్టేది.