మైక్రోమీటరుతో జింక వేట

అమెరికా కోర్టులో, లాయరు లేకుండా, జింకల వేట చట్టంలోని లొసుగును జడ్జి ముందు నిరూపించి కేసు గెలిచినవాణ్ణి నేను. ఎనభైల నడుమ మాట. మనవలకు ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ జడ్జి ఇంకాస్త ఎక్కువగా ఆశ్చర్యపోతుండేవాడు.

అప్పుడు నేనూ, కాకినాడలో నాతో చదివిన మిత్రుడూ అమెరికా దక్షిణాదిలో ఓ చిన్న ఊరి పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీర్లం. వాడికి వేట సరదా పుట్టి ఫోర్‌మన్ దగ్గర తుపాకీ అడిగి తెచ్చాడు. జింకను కొట్టే తూటా పాయింట్ ట్వంటీటూ క్యాలిబర్ కన్నా పెద్దదై ఉండాలని వేట నిబంధనల్లో ఉంది. మా తూటాల పెట్టె మీద పాయింట్ టూ టూ త్రీ అని ఉంది. కానీ వేటగాళ్ళు అలాంటివాటినీ ట్వంటీటూలనే పిలుస్తారని విన్నాం. పేరు చూడాలా, కొలత చూడాలా? చట్టం చెప్పలేదు. ఫోర్‌మన్‌ని ఒక్కమాట అడిగితే పోయేది. ఇంజనీర్లం కదా, అడుగుతామా? ఫ్యాక్టరీ నుంచి మైక్రోమీటర్ తెచ్చి కొలిచాం. పాయింట్ టూ టూ ఫోర్.

"పెద్దదేరా. వెయ్యోవంతుల్లోనైనా పెద్దది పెద్దదే," అన్నాను.

"పట్టుకుంటే? వచ్చే నెల నా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. అది రాకపోతే నన్ను పిలిచిన విమానాల కంపెనీ జాబ్ ఇవ్వదు."

"మైక్రోమీటర్ జేబులో పెట్టుకో. అడిగితే చూపిద్దువుగాని."

పట్టుకున్నారు. అడవి అంచున, చచ్చిన జింక పక్కన నిలబడ్డ అటవీశాఖ వార్డెన్‌కి మావాడు నిజంగానే మైక్రోమీటర్ తీసి చూపించాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇలాంటివన్నీ మా లెక్కలో ట్వంటీటూలేనన్నాడు. కానీ తనకూ గట్టిగా తెలియదట, జడ్జి చెబుతాడట. మావాడి పేర కేసు టికెట్ రాసి, జింకనూ తుపాకీనీ పట్టుకుపోయాడు. నాకు భయమూ వేయలేదు, జాలీ వేయలేదు. ఆయన వచ్చేదాకా, జింక కంటి మీద పడ్డ మంచు కరగకుండా అలాగే ఉండటం చూస్తూ నిలబడ్డానంతే.

కోర్టు వాయిదా సరిగ్గా ఇంటర్వ్యూ రోజునే పడింది.

"కోర్టుకే పోరా. ఇంటర్వ్యూకి మళ్ళీ డేట్ ఇస్తార్లే," అన్నాను.

ఇక అసలు సంగతి. కోర్టులో నేను నోరు విప్పలేదు. జడ్జి నిబంధన చదివి, వార్డెన్‌ని పేరా కొలతా అని అడిగాడు. అది పుస్తకంలో లేదన్నాడాయన. మీకే తెలియనిది ఇతనికెలా తెలుస్తుందని జడ్జి కేసు కొట్టేశాడు. నేను వెనక బెంచీలో కోటు గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాను. సంతోషం కోసం లోపల వెతికాను, ఏమీ తగల్లేదు. ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నాను. గెలిచానన్నది కాస్త సాగదీసిన మాట.

ఇంతవరకూ రాసి, మొన్న ఫోన్‌లో వాడికి చదివి వినిపించాను.

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఎలా ఉంది?"

"కాస్త కాదు. మళ్ళీ డేట్ రావడానికి ఏడాది పట్టింది. ఆ జాబ్ ఇంకెవడికో ఇచ్చేశారు. నేను ఆ పంపుల మధ్యే రిటైరయ్యాను. అది రాయరా."